పాట ఎవరిదైనా.. ఊపిరి ఆయనదే!

యూట్యూబ్‌లో ‘ఎ మెసేజ్ టు యూ రూడీ’ అని వెతకండి. స్పెషల్స్ అనే బ్రిటిష్ బ్యాండు 1979లో చేసిన పాట వస్తుంది. ఇంకాస్త వెతికితే 1967 నాటి అసలు పాట కూడా దొరుకుతుంది. దాన్ని పాడింది డాండీ లివింగ్‌స్టన్. రెండూ ఒకదాని తర్వాత ఒకటి వినండి. గొంతు మారింది. బ్యాండు మారింది. రికార్డింగ్ పద్ధతి మారింది. వినే తరమే మారిపోయింది. కానీ తాపీగా, బరువుగా పలికే ఆ ఇత్తడి వాద్యం మాత్రం రెండింటిలోనూ అదే. అంటే అలాంటిదే అని కాదు, రెండుసార్లూ వాయించింది ఒకే మనిషి. పేరు రికో రోడ్రిగ్జ్. వాద్యం ట్రాంబోన్.

రెండు రికార్డింగుల మధ్య 12 ఏళ్లు. ఆ 12 ఏళ్లలో జమైకా సంగీతం పేరు, వేగం, వేషం అన్నీ మారాయి. ఎంతోమంది గాయకులు వచ్చారు, వెళ్లారు. మళ్లీ అదే పాట చేయాలనుకున్న కుర్రాళ్లు మాత్రం వెతుక్కుంటూ వెళ్లి ఆ ట్రాంబోన్ మనిషినే పిలిచారు.

ఇలాంటి పేజీల్లో మనం ఎక్కువగా కంపెనీ పెట్టినవాళ్ల కథలు, పెద్ద ప్యాకేజీ కొట్టినవాళ్ల కథలు చదువుతుంటాం. నిజం మాట్లాడుకుంటే, మనలో చాలామంది చేరబోయేది ఎవరో మొదలుపెట్టిన ప్రాజెక్టులోకి. ఇంకెవరి పేరుతోనో బయటికెళ్లే పనిలోకి. అక్కడ అరవై ఏళ్లపాటు పనికొచ్చే మనిషిగా ఉండటం ఎలా? దానికి ఏం నేర్చుకోవాలి, ఏం కోల్పోవాల్సి వస్తుంది? రికో జీవితంలో ఈ రెండూ కనిపిస్తాయి.

సీనియర్లే మాస్టార్లు

రికో అసలు పేరు ఇమాన్యుయేల్ రోడ్రిగ్జ్. 1934 అక్టోబరు 17న క్యూబా రాజధాని హవానాలో పుట్టాడు. చిన్నప్పుడే కుటుంబంతో జమైకాలోని కింగ్‌స్టన్‌కు వచ్చేశాడు. అక్కడ చదివిన బడి పేరు ఆల్ఫా బాయ్స్ స్కూల్.

ఈ బడి గురించి కొంచెం ఆగి చెప్పుకోవాలి. 1880లో మొదలైన ఆల్ఫాను తర్వాత సిస్టర్స్ ఆఫ్ మెర్సీ అనే క్యాథలిక్ సన్యాసినులు నడిపారు. దిక్కులేని పిల్లలు, ఇంట్లో గడవని పిల్లలు, అల్లరి శ్రుతిమించిందని పెద్దలు తెచ్చి వదిలేసిన పిల్లలు ఇక్కడికి చేరేవారు. క్రమశిక్షణ గట్టిగా ఉండేది. చదువుతోపాటు కుట్టుపని, వడ్రంగం, ప్రింటింగ్ లాంటి చేతిపనులు నేర్పేవారు. ఇంకో దారి కూడా ఉండేది.. బ్యాండు.

ఆల్ఫా బ్యాండు ఏదో వార్షికోత్సవానికి వాయించే బృందం కాదు. మిలిటరీ బ్యాండు పద్ధతిలో శిక్షణ. కాగితం మీద రాసిన స్వరలిపి చూసి వెంటనే వాయించగలగాలి. ఇక్కడ నేర్చుకున్న చాలామంది కుర్రాళ్లు నేరుగా జమైకా మిలిటరీ బ్యాండులోకి, హోటళ్లలో వాయించే జాజ్ బృందాల్లోకి వెళ్లేవారు. మన భాషలో చెప్పాలంటే ప్లేస్‌మెంట్ అన్నమాట. సిస్టర్ మేరీ ఇగ్నేషియస్ అనే సన్యాసిని 1939 నుంచి 2003లో చనిపోయేదాకా ఈ బడితోనే ఉన్నారు. ఆమె దగ్గర బోలెడన్ని గ్రామఫోన్ రికార్డులు. పిల్లలకు అవి వేసి వినిపించేవారు. 1964లో పుట్టిన స్కాటలైట్స్ బృందం జమైకా సంగీతాన్నే మలుపు తిప్పింది. దాని వ్యవస్థాపక సభ్యుల్లో నలుగురు.. టామీ మెకుక్, డాన్ డ్రమండ్, లెస్టర్ స్టెర్లింగ్, జానీ మూర్.. ఈ బడి కుర్రాళ్లే. ఒక పేద పిల్లల హాస్టల్ నుంచి ఒక దేశపు సంగీతం వచ్చిందంటే అతిశయోక్తి కాదు.

రికోకు ట్రాంబోన్ నేర్పింది మాస్టారు కాదు, డాన్ డ్రమండ్. వయసులో కాస్త పెద్దవాడు, అదే బడిలో సీనియర్. పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు నేర్పడం అక్కడ మామూలే. ఆ డ్రమండే తర్వాత జమైకా మొత్తంలో గొప్ప ట్రాంబోన్ కళాకారుడని పేరు తెచ్చుకున్నాడు. మీ కాలేజీలో కోడింగ్ క్లబ్బు నడిపే సీనియర్ ఉంటే చూసీ చూడనట్టు వెళ్లిపోకండి. అంతకుమించి నేనేం చెప్పను.

గుర్తులు లేని గొట్టం

ట్రాంబోన్ అంటే తెలియనివాళ్ల కోసం. పెళ్లి ఊరేగింపు బ్యాండులో ట్రంపెట్ చూసుంటారు కదా, దానికి పెద్దన్న లాంటిది. ట్రంపెట్‌కు మూడు మీటలు ఉంటాయి. మామూలు ట్రాంబోన్‌కు మీటలు ఉండవు. ఒక పొడవాటి గొట్టాన్ని ముందుకీ వెనక్కీ జరుపుతూ వాయించాలి. గొట్టం పొడవు పెరిగితే స్వరం దిగుతుంది, తగ్గితే ఎక్కుతుంది. ఇంటర్ ఫిజిక్స్‌లో చదివిన గాలి స్తంభం పాఠమే ఇది.

ఇక్కడ నాలోని ఇంజినీరుకు ఒక ముచ్చట. ట్రాంబోన్‌లో గాలి వెళ్లే దారి మొత్తం దాదాపు 2.7 మీటర్లు. స్లైడుకు ఏడు స్థానాలు. ఒక్కో స్వరస్థానం కిందికి దిగాలంటే గొట్టం పొడవు సుమారు 6 శాతం పెరగాలి. గమనించారా? 6 శాతం అంటే చక్రవడ్డీ లెక్క. అందుకే ఏడు స్థానాలూ సమాన దూరంలో ఉండవు. మొదటి స్థానం నుంచి రెండోదానికి చెయ్యి 8 సెంటీమీటర్లు జరిగితే చాలు. ఆరు నుంచి ఏడుకు వెళ్లాలంటే దాదాపు 11 సెంటీమీటర్లు జరగాలి. పోనీ గొట్టం మీద ఎక్కడ ఆపాలో గుర్తులు ఉంటాయా అంటే అవీ ఉండవు. చెవి చెప్పాలి, చెయ్యి వినాలి. ఒక సెంటీమీటరు అటూ ఇటూ అయితే అపశ్రుతి వచ్చినట్టే.

ఇంత కష్టం ఉన్నందుకు ప్రతిఫలం కూడా ఉంది. ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి మనిషి గొంతులా జారుతూ వెళ్లొచ్చు. మూలగొచ్చు, నిట్టూర్చొచ్చు. రికో వాద్యంలో ముందుగా పట్టుకునేది అదే. ఆయన ఎప్పుడూ తొందరపడ్డట్టు అనిపించదు. నాలుగు స్వరాలు పట్టే చోట రెండే వాయించి, మిగతా చోటును ఖాళీగా వదిలేస్తారు.

కొండ మీద రెండో చదువు

ఆల్ఫా నుంచి బయటికొచ్చాక రికోకు ఇంకో గురువు దొరికారు. కింగ్‌స్టన్ తూర్పు అంచున వరీకా కొండలు ఉన్నాయి. ఆ దిక్కున కౌంట్ ఒస్సీ అనే డోలు కళాకారుడు రాస్తఫారీ మతస్థులతో కలిసి సంగీత శిబిరం నడిపేవారు. రాస్తఫారీ అంటే ఇప్పుడు మనకు బాబ్ మార్లే టీషర్టు గుర్తొస్తుంది. 1950ల జమైకాలో పరిస్థితి అది కాదు. జడలు కట్టిన జుట్టు కనిపిస్తే పోలీసులు వెంటపడేవారు, పని ఇచ్చేవాళ్లు కాదు. మర్యాదస్తుల ఇళ్లలో ఆ పేరే ఎత్తేవారు కాదు. రికో ఆ మతాన్నే ఎంచుకున్నారు. జీవితాంతం అందులోనే ఉన్నారు.

కొండ మీద స్వరలిపి కాగితాలు లేవు. మూడు రకాల డోళ్లు గంటల తరబడి మోగుతుంటే, ఊదే వాద్యాలవాళ్లు వాటి మీద అప్పటికప్పుడు ఏది తోస్తే అది అల్లుకుంటూ పోవాలి. మన కచేరీల్లో మనోధర్మం అంటాం చూడండి, దాదాపు ఆ పని.

నా ఉద్దేశంలో రికో కెరీర్ మొత్తానికి తాళంచెవి ఇక్కడే ఉంది. ఆయనకు రెండు చదువులు అబ్బాయి. ఆల్ఫాలో కాగితం చూసి తప్పులేకుండా వాయించడం. కొండ మీద కాగితం లేకుండా వాయించడం. మొదటిది మాత్రమే ఉన్నవాడు మిలిటరీ బ్యాండులో రిటైరవుతాడు. రెండోది మాత్రమే ఉన్నవాణ్ని స్టూడియోకు పిలవడానికి జనం జంకుతారు, గంటకు ఇంత అని అద్దె కట్టాలి కదా. రెండూ ఉన్నవాణ్ని ఏ కాలంలోనైనా, ఏ బ్యాండువాడైనా పిలవచ్చు. మన దగ్గర పరీక్షల్లో రాంకులు కొట్టేవాళ్లు ఒకవైపు, సొంతంగా ఏదో ఒకటి కట్టిపడేసేవాళ్లు మరోవైపు ఉంటారు. ఒకళ్లంటే ఒకళ్లకు చిన్నచూపు. రెండు వైపులా కాలు పెట్టినవాళ్లు అరుదు.

1950ల చివర్లో కింగ్‌స్టన్ వీధుల్లో పెద్దపెద్ద స్పీకర్లు పెట్టి పాటలు వేసే ‘సౌండ్ సిస్టమ్’ల జోరు. వాటి యజమానులు కాక్సన్ డాడ్, డ్యూక్ రీడ్, ప్రిన్స్ బస్టర్ సొంత పాటలు రికార్డు చేయించడం మొదలుపెట్టారు. అలా పుట్టిందే స్కా సంగీతం. తాళంలో చరుపు పడే చోట కాకుండా, రెండు చరుపుల మధ్య ఖాళీలో గిటారు చురుక్కుమంటుంది. వినగానే కాలు కదులుతుంది. అది కాస్త నెమ్మదిస్తే 1966 ప్రాంతంలో రాక్‌స్టెడీ అయింది. 1968 నుంచి రెగే. ఆ తొలి రోజుల రికార్డుల్లో రికో ట్రాంబోన్ ఉంది. కానీ స్టూడియోలో ఇచ్చేది పాటకు ఇంత అని ఒక్కసారి కూలి. 1961లో ఆయన లండన్ వెళ్లిపోయారు. ఆ మరుసటి ఏడాదే జమైకాకు స్వాతంత్ర్యం వచ్చింది. అదే ఏడాది బ్రిటన్ కామన్వెల్త్ దేశాల వలసలకు కొత్త చట్టంతో కళ్లెం వేసింది. అంటే తలుపు మూసుకునే ముందు వెళ్లినవాళ్లలో రికో ఒకరు.

పగలు ఫ్యాక్టరీ

ఆయన వెళ్లేసరికి లండన్‌లో జమైకా సంగీతానికి చిన్న మార్కెట్ ఉంది. వలస వచ్చినవాళ్ల ఇళ్లలో, బేస్‌మెంట్ పార్టీల్లో వినిపించేది. బ్లూ బీట్ లాంటి లేబుళ్లు రికార్డులు వేసేవి. కిల్‌బర్న్‌లో ఒక ఇంటి బేస్‌మెంట్‌లో సోనీ రాబర్ట్స్ అనే జమైకన్ ప్లానెటోన్ పేరుతో స్టూడియో నడిపేవాడు. బ్రిటన్‌లో నల్లజాతివారు సొంతంగా పెట్టుకున్న తొలి స్టూడియోగా దాన్ని చెబుతారు. రికో అక్కడా వాయించారు. జార్జీ ఫేమ్ లాంటి ఇంగ్లిష్ కళాకారుల పక్కనా వాయించారు.

అయినా ఇల్లు గడవలేదు. పగలు కార్ల ఫ్యాక్టరీలో పని, పెయింటింగ్ పని. సాయంత్రం క్లబ్బులో ట్రాంబోన్. వారాంతం స్టూడియో. ఈ కాలం ఏడాదో రెండేళ్లో కాదు, చాలా ఏళ్లు సాగింది. పైన చెప్పిన 1967 పాట ఈ రోజుల్లోదే. 1969లో ఒక్క ఏడాదే ఆయన పేరుతో ‘రికో ఇన్ రెగే ల్యాండ్’, ‘బ్లో యువర్ హార్న్’, ‘బ్రిక్స్‌టన్ క్యాట్’ అని మూడు ఆల్బమ్‌లు వచ్చాయి. మూడు ఆల్బమ్‌లున్న కళాకారుడంటే మనం కారూ బంగళా ఊహించుకుంటాం. అలాంటిదేమీ లేదు.

‘నీ ప్యాషన్‌ని ఫాలో అయిపో, డబ్బు దానంతటదే వస్తుంది’ అని చెప్పే రీల్స్ చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. రికోకు ప్యాషన్‌లో లోటేముంది? నైపుణ్యంలో లోటేముంది? డబ్బు ఎందుకు రాలేదంటే, డబ్బు వచ్చే దారి ఆయన చేతిలో లేదు. పాట రాసినవాడికి, ముద్రించినవాడికి హక్కులుంటాయి. వచ్చి ట్రాంబోన్ వాయించి వెళ్లినవాడికి ఆ రోజు కూలి మాత్రమే. ఆ పాట పదివేల ప్రతులు అమ్ముడుపోయినా, పది లక్షలు పోయినా అంతే. జమైకాలో అయితే 1993లో కొత్త కాపీరైట్ చట్టం వచ్చేదాకా 1911 నాటి బ్రిటిష్ చట్టంతోనే నెట్టుకొచ్చారు.

మన దగ్గర ఈ లెక్క ఏంటి అనుకునేవాళ్లకు ఒక మాట. భారత కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణతో, తమ ప్రదర్శనను వాణిజ్యపరంగా వాడుకున్నప్పుడు రాయల్టీ పొందే హక్కు ప్రదర్శకులకు దక్కింది. చట్టం చెప్పే ప్రదర్శకుల్లో గాయకులే కాదు, వాద్యకారులూ ఉన్నారు. గాయకుల కోసం 2013లో ఏర్పడిన ఇస్రా సంస్థ తర్వాత వాద్యకారులనూ కలుపుకొని ఇసామ్రాగా మారింది. ఇది సంగీతానికే కాదు. డిజైన్, వీడియో ఎడిటింగ్, కంటెంట్ రాయడం.. ఏ ఫ్రీలాన్స్ పనికైనా ఒప్పుకునే ముందు ఆ పని మీద హక్కులు ఎవరికి ఉంటాయని కాగితంలో ఉందో చదవండి. పేమెంట్ ఎంత అని అందరం అడుగుతాం. ఈ రెండో ప్రశ్న అడిగేవాళ్లు తక్కువ.

గురువు కథ వేరు

ఈ మధ్యలో జమైకాలో డాన్ డ్రమండ్ ఏమయ్యాడు? స్కాటలైట్స్‌లో అందరికంటే పెద్ద పేరు ఆయనదే. మానసిక ఆరోగ్యం ముందు నుంచీ బాగుండేది కాదు. 1965 కొత్త సంవత్సరం రోజుల్లో తనతో కలిసి ఉంటున్న మార్గరీటాను హత్య చేశాడు. ఆస్పత్రిలో నిర్బంధంలో ఉండగానే 1969 మేలో చనిపోయాడు. స్కాటలైట్స్ కూడా ఏడాదికి కాస్త పైచిలుకు నడిచి 1965లోనే చెదిరిపోయింది.

పిచ్చి మేధావి కథలంటే మనకు ఎందుకో మోజు. డ్రమండ్ గురించి రాసేవాళ్లు ఆయన ప్రతిభను తలచుకుని కన్నీళ్లు పెట్టుకుంటారు. మార్గరీటా కూడా పేరున్న నర్తకి, పాటలు పాడింది, కౌంట్ ఒస్సీ బృందానికి అండగా నిలబడిన మనిషి.. ఆ సంగతి ఒక వాక్యంలో తేల్చేస్తారు. ఆమెకూ ఒక కెరీర్ ఉండేది.

కావెంట్రీ కుర్రాళ్లు

1976లో ఐలాండ్ రికార్డ్స్ రికోతో ఒక ఆల్బమ్ మొదలుపెట్టింది. జమైకా వెళ్లి రికార్డు చేశారు. 1977లో ‘మ్యాన్ ఫ్రమ్ వరీకా’ పేరుతో వచ్చింది. యౌవనంలో నేర్చుకున్న కొండ పేరే పెట్టుకున్నారు. అమెరికాలో దాన్ని విడుదల చేసింది బ్లూ నోట్. 1939 నుంచి జాజ్ దిగ్గజాల రికార్డులు వేస్తున్న సంస్థ అది. రెగే ఆల్బమ్ మీద ఆ ముద్ర పడటం చిన్న విషయం కాదు. గొంతు లేని, మాటలు లేని రెగే. తీరిక చేసుకుని రాత్రిపూట వినండి. నా మటుకు ఆయన చేసినవాటిలో ఇదే గొప్పది.

తర్వాతి మలుపు లండన్‌లో కాదు, కావెంట్రీలో వచ్చింది. అది ఇంగ్లండ్‌లో కార్లు తయారయ్యే ఊరు. 1970ల చివరికి ఆ ఫ్యాక్టరీలు కుంటుతున్నాయి. జెర్రీ డామర్స్ అనే కుర్రాడు తెల్లజాతి, నల్లజాతి స్నేహితులతో కలిసి స్పెషల్స్ బ్యాండు పెట్టాడు. టూ టోన్ అని సొంత లేబుల్. నలుపు తెలుపు గళ్లే వాళ్ల గుర్తు. వీళ్లకు చిన్నప్పుడు విన్న స్కా పాటలంటే ప్రాణం. వాటిని తమ కాలపు వేగంతో వాయించాలనుకున్నారు. రూడీ పాట ఎంచుకున్నప్పుడు, అసలు పాటలో వాయించిన మనిషినే తెచ్చుకున్నారు. రికోతోపాటు ఆయన స్నేహితుడు డిక్ కట్‌హెల్ తన బాకాతో వచ్చాడు.

అప్పటికి రికోకు 45 ఏళ్లు నిండబోతున్నాయి. బ్యాండులో చాలామంది 20ల్లో ఉన్నారు. పాట బ్రిటన్ టాప్ టెన్‌లోకి వెళ్లింది. ఇంకో సంగతి.. ఈసారి రికార్డు మీద బ్యాండు పేరు పక్కన ‘ఫీచరింగ్ రికో’ అని వేశారు. కూలి తీసుకుని వెళ్లిపోయే మనిషికి పేరు వేయడం ఆ కుర్రాళ్ల మర్యాద. మీరు టీమ్ లీడ్ అయ్యే రోజు వస్తే ఈ మర్యాద గుర్తుంచుకోండి. స్లైడ్ మీద ఒక పేరు అదనంగా వేస్తే పోయేదేమీ లేదు.

1981 జూన్‌లో స్పెషల్స్ ‘ఘోస్ట్ టౌన్’ విడుదల చేశారు. క్లబ్బులు మూతపడి, పని దొరక్క, కుర్రాళ్లు ఒకళ్లనొకళ్లు కొట్టుకుంటున్న ఊరి పాట అది. అప్పటికి బ్రిటన్‌లో నిరుద్యోగుల సంఖ్య 25 లక్షలు దాటింది. ఆ వేసవిలోనే అనేక నగరాల్లో అల్లర్లు చెలరేగాయి. వీధుల్లో మంటలు లేస్తుండగా ఈ పాట మూడు వారాలు దేశంలో మొదటి స్థానంలో ఉంది. అందులో రికో ట్రాంబోన్ వినిపిస్తుంది చూడండి.. ఖాళీ వీధిలో ఎవరో ఒంటరిగా నడుచుకుంటూ వెళ్తున్నట్టు. ఫ్యాక్టరీలో చెమటోడ్చిన మనిషి, ఫ్యాక్టరీలు మూతపడుతున్న కాలానికి ఊపిరి ఇచ్చారు. ప్లేస్‌మెంట్లు సరిగా లేని ఏడాది డిగ్రీ పూర్తవుతున్నవాళ్లకు ఈ పాట వేరేలా వినిపిస్తుంది. అర్థం తెలియకపోయినా ఆ వాద్యం చాలు.

పాట మొదటి స్థానంలో ఉండగానే బ్యాండు విడిపోయింది. టూ టోన్ లేబుల్ మీద రికో సొంతంగా ‘దట్ మ్యాన్ ఈజ్ ఫార్వర్డ్’, ‘జామా రికో’ చేశారు. 1982 తర్వాత ఆ అల తగ్గిపోయింది. ఆయన జమైకా వెళ్లి కొన్నేళ్లు వెలుగుకు దూరంగా గడిపారు. రెజ్యూమేలో గ్యాప్ అని హెచ్‌ఆర్‌వాళ్లు మనల్ని నిలదీసే లాంటి కాలం.

61 ఏళ్లకు కొత్త కొలువు

1996. పియానో కళాకారుడు, టీవీ వ్యాఖ్యాత జూల్స్ హాలండ్ తన రిథమ్ అండ్ బ్లూస్ ఆర్కెస్ట్రాలోకి రికోను తీసుకున్నారు. మన లెక్కలో రిటైర్మెంట్ దాటిన వయసు. అక్కడ ఆయన 2012 దాకా, అంటే 16 ఏళ్లు పనిచేశారు. జీవితంలో అంత కాలం ఒకే చోట వాయించింది ఇదే. పెద్ద ఆర్కెస్ట్రా, ఊరూరా కచేరీలు, టీవీ కార్యక్రమాలు. ఇత్తడి వాద్యాల వరసలో కూర్చుని, వంతు వచ్చినప్పుడు లేచి ముందుకు వచ్చి వాయించి, మళ్లీ వెళ్లి కూర్చునేవారు.

పెద్ద ఆర్కెస్ట్రాలో ఎవరు ఏ వరసకు ఏం వాయించాలో కాగితం మీద రాసి ఉంటుంది. అక్కడ ఆల్ఫా చదువు పనికొచ్చింది. సోలో వచ్చినప్పుడు కాగితం ఉండదు. అక్కడ కొండ మీది చదువు. యాభై ఏళ్ల కిందట నేర్చుకున్నవి రెండూ ఒకే సాయంత్రం, ఒకే వేదిక మీద వాడుకున్నారు. టెక్నాలజీ రంగంలో ఉన్న నాకు ఇది కొంచెం అసూయ పుట్టించే విషయం. మేం నేర్చుకున్న ఫ్రేమ్‌వర్క్‌కు ఐదేళ్ల ఆయుష్షు ఉంటే గొప్ప.

2007లో బ్రిటిష్ ప్రభుత్వం ఎంబీఈ ఇచ్చింది. ఒకప్పుడు మతం పేరుతో పోలీసులు తరిమిన రాస్తఫారీలలో ఒకరు బకింగ్‌హామ్ ప్యాలెస్‌కు వెళ్లి పతకం అందుకున్నారు. 2012లో జమైకా ఇన్‌స్టిట్యూట్ వెండి మస్‌గ్రేవ్ పతకం ఇచ్చింది. అప్పటికి ఆయనకు 78 ఏళ్లు. సొంత దేశం గుర్తించడానికి అంత సమయం పట్టింది. 2015 సెప్టెంబరు 4న లండన్‌లో చనిపోయారు. మరో మూడేళ్లకు, 2018లో యునెస్కో రెగే సంగీతాన్ని మానవాళి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది.

ఆల్ఫా ఇప్పుడు హాస్టల్ కాదు. 2014లో పిల్లలు ఉండి చదువుకునే పద్ధతి ఆపేశారు. పగటిపూట నడిచే శిక్షణ సంస్థగా, ఆల్ఫా ఇన్‌స్టిట్యూట్ పేరుతో కొనసాగుతోంది. సంగీతంతోపాటు స్క్రీన్ ప్రింటింగ్, చెక్కపని లాంటివి నేర్పుతున్నారు. బ్యాండు రూములో ఇప్పటికీ ట్రాంబోన్ మోగుతూనే ఉంది.

వినాలనుకుంటే ఈ వరసలో వినండి. ముందు డాండీ లివింగ్‌స్టన్ రూడీ, వెంటనే స్పెషల్స్ రూడీ. తర్వాత ‘ఘోస్ట్ టౌన్’, కానీ ఫోన్ స్పీకర్‌లో వద్దు, ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి. ఆ తర్వాత తీరికగా ‘మ్యాన్ ఫ్రమ్ వరీకా’ మొత్తం. రేపు ఇంటర్వ్యూ ఉంటే మాత్రం చివరిది ఇవాళ పెట్టుకోవద్దు. ఆల్బమ్ అయిపోయాక కూడా చాలాసేపు పడుకోబుద్ధి కాదు.